మా కాక, నా స్కూటర్ బ్యాటరీ, ఆఖరి ఓవర్

నన్ను అడగకుండా నా కరెంటు స్కూటర్‌లోంచి బ్యాటరీ పీకేశారు. పీకింది ఎవరో కాదు, మా నాయిన తమ్ముడు, మా కాక.

మధ్యాహ్నం షిఫ్టుకు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మేడ్చల్ బయల్దేరబోతే బండి కదల్లేదు. సీటెత్తి చూస్తే నాలుగు బ్యాటరీల్లో మూడే ఉన్నాయి. వాటిని వైరుతో ముద్దుగా కలిపి పెట్టాడు కూడా. మండిపోతూ కాక ఇంటికి వెళ్లాను. ఊళ్లో కరెంటు లేదు. ఆయన చిన్న టీవీ మాత్రం నా బ్యాటరీ మీద నడుస్తోంది. వాడకట్టంతా అక్కడే కూర్చుని క్రికెట్ చూస్తోంది.

"నాట్లకు నలుగురు వచ్చేకాడ ముగ్గురొస్తే పని ఆగుతదారా? జర మెల్లగ పోతది, పో" అన్నాడు కాక.

"ఇవి కూలోళ్లు గాదు కాకా. నాలుగు పన్నెండ్లు కలిస్తే నలభై ఎనిమిది ఓల్టులు. ముప్పై ఆరు మీద బండి మెల్లగ గాదు, అసలుకే పోదు."

"గట్లనా. అయితే కూసో, ఆఖరి ఓవర్ నడుస్తాంది."

కూర్చున్నాను. గెలిచాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. తర్వాత కాక తన మోపెడ్ మీద నన్ను కంపెనీ గేటు మూసేలోపే దింపాడు.

ఆదివారం ఫైనల్ ఉంది, కరెంటు ఎలాగూ ఉండదు. శామీర్‌పేట చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత కారు బ్యాటరీ ఉంటే శనివారం సాయంత్రంలోపు ఇక్కడ రాయండి. నాది మాత్రం ఇవ్వను.