మార్తమ్మవ్వకు చదివిన పుస్తకం

పొద్దున పక్కింట్లో గంజి పొంగి మంటలో మాడిన వాసన వచ్చింది. అప్పుడే ఫోన్‌లో డిగ్రీ ఫలితం చూసుకున్నాను. ఫస్ట్ క్లాసు! మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లే లేరు. అమ్మకు చెప్పాను, నాన్నకు రెండుసార్లు చెప్పాను. అయినా చెప్పడం అయిపోయినట్టు లేదు. అసలు చెప్పాల్సింది మార్తమ్మవ్వకు. ఆమె పోయి మూడేళ్లయింది. అందుకే మీకు చెబుతున్నాను.

అవ్వ ఎర్రగుంట్ల దగ్గర మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. మేము ఆదోని వైపు పల్లె నుంచి సిమెంటు మూటలు మోసే పనికి అక్కడికి వచ్చాం. డబ్బుల్ని ‘దుడ్లు’ అన్నానని ఆరో తరగతిలో అదే నా పేరైపోయింది. "ఏమ్మే దుడ్లూ, మీ ఊర్లో తెలుగు దొరకదా?" ఎవరి పెన్ను పోయినా ముందు నా సంచే వెతికేవాళ్లు. అన్నం దగ్గర నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. పళ్లెం పట్టుకుని, అవ్వ గంజి వార్చే వంటగది వెనక్కి పోయేదాన్ని.

"ఊరికే కూచుంటే ఎట్లమ్మే? నాకు చదువు రాదు. ఆ పుస్తకమన్నా చదువు," అంది అవ్వ ఒకరోజు, మర్నాటి వంటకు బియ్యంలో రాళ్లేరుతూ. నా ఒళ్లో ఉన్నది బడి లైబ్రరీ పుస్తకం. కొత్త ఊరికి వచ్చిన పిల్లను తోటిపిల్లలు వేధించే కథ. అవ్వ మధ్యలో వాళ్లను తిట్టేది: "వాళ్ల నోట్లో మన్ను బడ! దిక్కులేని పిల్లనేనా ఏడిపించేది?"

ఒకరోజు అందరి ముందు నా సంచి బోర్లించారు. పోయిన పెన్ను చివరికి దాని సొంతదారు జేబులోనే దొరికింది. కింద పడిన నా పుస్తకాలు నేనే ఏరుకున్నాను. ఇక బడికి రాకూడదనుకున్నాను. ఆ మధ్యాహ్నం అక్షరాలు చూడకుండానే, "ఆ పిల్ల బడి మానేసి అమ్మతో పనికి పోయింది. అయిపోయింది," అని పుస్తకం మూసేశాను.

చేటలో అవ్వ చెయ్యి ఆగింది. పుస్తకం తీసుకుని, నేను మూల మడిచిన చోట తెరిచి, మిగిలిన కాగితాలను రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది.

"ఇన్ని మిగిలిండాయి కదమ్మే. వీటిల్లో ఏం రాసిండారు?"

నాకు ఏడుపొచ్చింది.

"మానేసేది ఆ పిల్లా, నువ్వా? రేపొచ్చి మిగిలింది చదువు. సగంలో ఇడిసిపెడితే నాకు అన్నం సయించదు."

ఆమె కోసమే వెళ్లాను. చివరి పేజీలో కూడా ఆ పిల్లకు ఒక్క స్నేహితురాలు దొరకలేదు. నాకు చాలా నిరాశ కలిగింది. అవ్వ మాత్రం చేట దులిపి, "పోనీలే. బడిలోనే ఉండాది గదా," అంది.

నాకూ ఆ బడిలో ఎవరూ దొరకలేదు. డిగ్రీలోనూ ఎక్కువ రోజులు ఒక్కదాన్నే తిన్నాను. వచ్చే నెల కర్నూలులో బి.ఎడ్.లో చేరుతున్నాను, అక్కడ నాకు తెలిసినవాళ్లు లేరు. కొత్తచోట ఎవరూ పలకరించకపోతే ఇప్పటికీ మానేసి వచ్చేయాలనిపిస్తుంది. కానీ సగంలో వదిలేయను.