డైనింగ్ టేబుల్ మీద అత్తాకోడళ్ళు

నిలబడి ఉన్న దేన్నీ మా బావగారు నమ్మరు. ఒకసారి పడగొట్టి, అది మళ్ళీ లేవడం కళ్ళారా చూశాకే దానికి ఇంట్లో పౌరసత్వం ఇస్తారు. కొత్త కుర్చీ వస్తే ముందు తోసి చూస్తారు. కొత్త గొడుగు వస్తే గాలివాన కోసం గుమ్మంలో కాచుకు కూర్చుంటారు. అక్కతో సంబంధం ఖాయమయ్యాక మా నాన్నగారితో ఉత్తుత్తి పోట్లాట ఒకటి పెట్టుకున్నారు, సంబంధం ఏ మాత్రం గట్టిదో తేల్చుకుందామని. సంబంధం నిలిచింది. అది నిజం పోట్లాటే అనుకున్న మా నాన్నగారు మాత్రం అల్లుడు వస్తున్నాడంటే ఇప్పటికీ గొంతు సవరించుకుంటారు.

ఆయన ఉద్యోగం ఒక ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూడటం. ఇలాంటి మనిషికి అలాంటి పని ఎవరు అప్పగించారన్నది చరిత్రకారులు తేల్చవలసిన విషయం.

ఆ మధ్య నేనూ చెల్లీ వాళ్ళింట్లో ఉండగా, ఆయన డైనింగ్ టేబుల్ మీద ఒక ముసలి కంప్యూటర్ను ప్రతిష్ఠించి, దాని కడుపులో మూడు ఉత్తుత్తి కంప్యూటర్లను సృష్టించారు. వర్చువల్ మెషీన్లు అంటారట. మూడూ కలిస్తే క్లస్టరట.

"నాకేం ఎక్కలేదు బావా," అన్నాను.

"ఉమ్మడి కుటుంబమోయ్! ఇది అత్తగారు. ఎవరేం చెయ్యాలో చెబుతుంది. ఈ రెండూ కోడళ్ళు. పనంతా చిన్న చిన్న డబ్బాల్లో సర్ది వీళ్ళకి పంచుతుంది. కంటెయినర్లంటే ఆ డబ్బాలే. ఒక కోడలు మంచమెక్కితే ఆవిడ డబ్బాలు రెండో ఆవిడ నెత్తిన పెడుతుంది. పెద్ద కంపెనీలైతే దీనికి మందీమార్బలం కావాలి. ఇది తేలిక రకం, మన ముసలిది కూడా మోస్తుంది."

"మోసి ఏం చేస్తుందిట?" వంటింట్లోంచి అక్క.

"మన పెళ్ళి ఫొటోలు టీవీలో చూపిస్తుంది."

"ఆల్బమ్ బీరువాలోనే ఏడ్చిందిగా!"

"బీరువా పడితే లేస్తుందా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

ఇక చెల్లి సంగతి. ఒక ఆస్పత్రికి ఇలాంటి క్లస్టర్లు చూసిపెట్టడమే దాని ఉద్యోగం. ప్రాక్టీసు కోసం పెట్టుకున్నదాన్ని చెరపబోయి, ఒక ఉదయం అసలుదాన్ని చెరిపేసింది. పూటంతా రోగులు వరండాలో పడిగాపులు కాశారు. ఎవరికీ ఏమీ కాలేదు. పైవాళ్ళు పోనీలెమ్మన్నారు. అదే పోనివ్వలేదు. కీబోర్డు మీద చెయ్యి వేస్తే వేళ్ళు వణుకుతున్నాయని సెలవు పెట్టి వచ్చేసింది. సోమవారం వెళ్ళాలి. వెళ్ళను, మానేస్తానంటోంది. కిటికీ దగ్గర కూర్చుంటుంది, లేస్తుంది, గదంతా తిరుగుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. దాన్ని చూసి కుర్చీలకి కూడా కుదురు పోయింది.

ఈ సంక్షోభ సమయంలో బావగారు క్లస్టర్ని పడగొట్టడం మొదలుపెట్టారు.

"మరదలా, ఇది లేవడం లేదమ్మా."

"నేను ముట్టుకోను బావా."

"ముట్టుకోమన్నానా? ఈ కొత్త పద్ధతులు నాకు కొరుకుడు పడవు కానీ, తప్పు కోడలిదే. తీసేసి కొత్త కోడల్ని తెచ్చేస్తా."

"ఆ మాట ఇంకోసారి అనండి, వింటాను," అంది అక్క.

చెల్లి కిటికీ దగ్గర్నుంచే మండిపడింది. "కోడలు ఏం చేసింది పాపం? మీరు ఆపి మళ్ళీ పెట్టేసరికి అత్తగారి అడ్రస్ మారిపోయింది. వీళ్ళు పాతింటి తలుపు కొడుతున్నారు! ఆ అడ్రస్ మారకుండా కట్టెయ్యండి."

ఆయన ఒంటి వేలితో, ఒక్కో అక్షరాన్నీ వేటాడి కొట్టారు. అడ్రస్ తప్పు కొట్టారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పే. చెల్లి కుర్చీ కిటికీ వదిలి గది మధ్యకి వచ్చింది.

మర్నాడు కొత్తగా తెచ్చిన రెండో కోడలు గడప దాటి లోపలికి రానంది.

"మొదటిదానికి నకలు తీశారా?" అంది చెల్లి.

"తీశాను. కవల పిల్లలు, ముచ్చటగా ఉంటారని."

"పేరైనా మార్చారా?"

"మార్చాలా?"

"ఇద్దరికీ ఒకటే పేరుంటే అత్తగారు రెండోదాన్ని లోపలికి రానిస్తుందా? అబ్బ, జరగండి బావా! మీ వేలు చూస్తుంటే నా ప్రాణం పోతోంది!"

కూర్చుంది. వేళ్ళు వణికాయి. వణుకుతూనే పేరు మార్చాయి. టీవీలో అక్క పెళ్ళికూతురై నవ్వింది.

ఆదివారం బావగారు గంభీరంగా ప్రకటించారు. "ఇంక మొత్తం చెరిపెయ్."

గది చల్లబడింది. చెల్లి చేతులు ఒళ్ళోకి లాక్కుంది.

"నా పెళ్ళి అందులోనే ఉందర్రా!" అంది అక్క.

"కాపీ ఉందా బావా?"

"ఏమో. చూసుకోలేదు."

"చూసుకోలేదా!" కోపం రావడంతో చెల్లికి భయపడే తీరిక లేకపోయింది. ముందు ఫొటోలకి కాపీ తీసింది. తర్వాత తను చెరపబోయేది ఏ మెషీనో పేరు పైకి చదివింది. నా చేత కూడా చదివించింది. అప్పుడు కళ్ళు మూసుకోకుండా మీట నొక్కింది. టీవీ నల్లబడింది.

"పెళ్ళి రద్దయింది," అన్నారు బావగారు.

"మీరు మాట్లాడకండి." చెల్లి చేతులు పరుగెత్తాయి. అత్తగారు లేచింది, కోడళ్ళు వేరువేరు పేర్లతో గడప దాటారు, డబ్బాలు సర్దుకున్నారు. అక్క పోసిన టీ చల్లారేలోగా అక్క పెళ్ళి మళ్ళీ అయింది.

సోమవారం పొద్దున్నే చెల్లి బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరింది. మాకు చెప్పింది ఒక్క మాట: "బావని ఆ కంప్యూటర్ ముట్టుకోనివ్వకండి."

నేను దాన్ని గేటు దాకా దిగబెట్టి వెనక్కి వచ్చేసరికి బావగారు కంప్యూటర్ ముందు ఉన్నారు. పది వేళ్ళతో, కీబోర్డు వైపైనా చూడకుండా, జడివానలా కొడుతున్నారు.

"బావా, మీ ఒంటి వేలు ఏమైంది?"

"ఏ వేలు?"

"మరి ఆ కాపీ?"

"మొదట్నుంచీ మూడు చోట్ల ఉంది. మీ అక్క పెళ్ళితో పరాచికాలా!"

అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏమండీ, ఇవాళ ఇంకా పడగొట్టలేదేం?"

ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. వీధి చివర చెల్లి వెనక్కి తిరక్కుండా చకచకా నడుస్తోంది.

"ఇంకెందుకూ? లేచిందిగా," అన్నారు.