పెదాలతో చూపే అక్క

కెనడాలో బ్రాంప్టన్ వేర్‌హౌస్‌లో మా లైన్‌కి లీడ్ ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ. వాళ్ళ దేశంవాళ్ళు ఆమెను తమ భాషలో అక్కా అని పిలిచేవారు, నేను తెలుగులో పిలిచేవాణ్ణి. దేన్ని చూపించాలన్నా ఆమె వేలెత్తేది కాదు. పెదాలు ముందుకు చాచి అటు తిప్పేది. పగిలిన పెట్టెనైనా, పని ఎగ్గొట్టే మనిషినైనా అంతే.

వాళ్ళ దేశంలో ఎన్నికలొచ్చాయి. ఇక్కడ ఒకే బల్ల మీద తినేవాళ్ళు రెండు బల్లలుగా చీలిపోయారు. అక్క సొంత చెల్లెలే అవతలి బల్లకి వెళ్ళిపోయింది. అక్క ఎటూ కూర్చోలేక మైక్రోవేవ్ పక్కన నిలబడి తినేది.

ఆ వారమే లంచ్‌రూమ్‌లో అన్ని దేశాల జెండాలు కట్టే పని నాకు పడింది. నీలం పైన ఉండాల్సిన వాళ్ళ జెండాని తెలియక ఎరుపు పైకి వచ్చేలా కట్టాను. లంచ్‌కి వచ్చిన రెండు బల్లలవాళ్ళూ అది చూసి ఒకరి మీద ఒకరు భగ్గుమన్నారు.

"ఇది మీవాళ్ళ పనే!"

"దేశాన్ని అమ్ముకునేది మీరు!"

ఒకడు కుర్చీ ఎత్తాడు. పొద్దున నేను నిచ్చెన మోసుకెళ్ళడం చూసింది అక్క ఒక్కతే. ఆ పెదాలు ఇక నావైపు తిరుగుతాయనుకున్నాను.

"నేనే కట్టాను," అంది అక్క. "యుద్ధమొస్తేనే కదా ఎరుపు పైకి కడతాం? మరి మీరు చేస్తున్నదేంటి?"

చెల్లెలు వాడి చేతిలోంచి కుర్చీ లాక్కుని, జెండా తిప్పి కట్టడానికి గోడకి వేసి ఎక్కింది. కుర్చీ ఊగింది. అప్పుడు తిరిగాయి అక్క పెదాలు నావైపు.

"చూస్తావేం? పట్టుకో. నా చెల్లెలు పడిపోతుంది."