పక్క చదువు

పుంగనూరు పాలకేంద్రంలో ఉదయం పాలు పరీక్షించే వేళ నేను ఫోన్ ఎత్తను. ఆ రోజు అమ్మ వరసగా మూడుసార్లు చేసింది. మూడోసారి ఎత్తాను.

"సిస్టరమ్మ పోయిందిరా. కాఫీ ఇద్దామని పోతే పలకలేదు" అంది అమ్మ.

నా చేతిలో గాజునాళిక ఉంది. దాన్ని స్టాండులో పెట్టాను. ఏం చేయాలో తోచక వరుసలో ఉన్న తర్వాతి క్యాను పాలు పరీక్షించాను. ఆ పాలు బాగున్నాయో లేదో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

సిస్టరమ్మది మదనపల్లెలో మా వీధి చివరి ఇల్లు. బతుకంతా ఆసుపత్రిలో నర్సుగా చేసింది. వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. పదవీ విరమణ రోజున అందరూ శాలువాలు కప్పుతుంటే, ఆమె మాత్రం వార్డులోని పాత చెక్క స్టూలు అడిగి ఇంటికి తెచ్చుకుంది. రోగి మంచం పక్కన ఆ స్టూలు వేసుకుని కూర్చున్నాకే ఆమె మాట మొదలుపెట్టేదట. "నిలబడి అడిగితే పోలీసోళ్ళకు సెప్పినట్ల సెప్తారు. కూసోని అడిగితే మనిసికి సెప్పినట్ల సెప్తారు" అనేది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా ఆమెకంటే ముందు ఆ స్టూలు వాళ్ళ ఇంట్లోకి వెళ్ళేది.

నాకూ ఆమెకూ స్నేహం కలిపింది కరపత్రాలు. నేను చదివిన రాజకీయమంతా బస్టాండులోనూ సభల దగ్గరా చేతిలో పెట్టిన కాగితాల్లోదే. చదివి, మండిపోయి, ఎవరికో ఒకరికి చదివి వినిపించాలనిపించేది. ఆమె దగ్గర చర్చి కరపత్రాలుండేవి. "నీది నాకియ్యి, నాది నీకిస్తా. ఎవురు మారతారో సూద్దాం" అంది ఒకరోజు. ఇద్దరం మారలేదు. నా కాగితాల్లో అచ్చుతప్పులు మాత్రం ఆమె ఎర్ర పెన్నుతో దిద్దేది. "దీంట్లో అరుపులు శానా ఉండాయప్పా. ఒగ మనిసి పేరన్నా లేదే" అని పెదవి విరిచేది. నాకు ఒళ్ళు మండేది. మర్నాడు ఇంకో కాగితం పట్టుకుని వెళ్ళేవాణ్ణి.

నా కోపం గురించి కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పాలకేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం. ఒక ఉదయం ఒక ముసలామె తెచ్చిన పాలలో, చిక్కదనం చూపే ల్యాక్టోమీటరు ఉండాల్సిన చోటికంటే కిందికి దిగింది. "నీళ్ళు పోసినావు" అన్నాను. లేదంది. "అబద్ధం చెప్పొద్దు, ఇది దొంగతనం" అని వరుసంతా వినేలా అరిచాను. ఆమె పాల క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మా మేనేజరు అందరి ముందూ నన్ను నిలదీశాడు. నేనూ తగ్గలేదు. సాయంత్రం మదనపల్లె బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా సిస్టరమ్మ వాకిట్లో కూలబడ్డాను.

"యాలప్పా మొగం అట్ల పెట్టుకోనుండావు?"

"రాజీనామా చేస్తాండా సిస్టరమ్మా."

"చేసి?"

"ఇంగో పీజీ చేస్తా. సోషల్ వర్క్. కుప్పంలో ఉండాది. రైతుల కోసం కొట్లాడాలంటే కెమిస్ట్రీ దేనికీ పనికిరాదు."

జరిగిందంతా చెప్పించుకుని, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "పొద్దన రైతుతో కొట్లాడితివి. సాయంత్రం రైతు కోసం కొట్లాడతానంటాండావు. మధ్యాన్నం ఏం తింటివప్పా?"

నాకు నవ్వు రాలేదు. ఆమె వదల్లేదు. "పై సదువు అంటాండావే, ఎవురికి పైన? మీ మేనేజరుకా, ఆ ముసలామెకా? నాకు తెలిసింది ఒగటే. పక్క సదువు."

పక్క అంటే ఆమెకు రోగి పడుకునే పక్క, ఆ పక్కన తాను కూర్చునే చోటు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం పక్కకు నెట్టేసిన చదువు, పనికిరాని చదువు అని నన్ను ఎగతాళి చేసిందనుకున్నాను. కాఫీ తాగకుండా లేచి వచ్చేశాను.

మర్నాడు నేను బస్సుకు పోతుంటే గోడ మీది నుంచి ఒక్క మాట అడిగింది: "ఆ ఆవు పొదుగు సూసినావా?"

బస్సెక్కేశాను. కానీ ఆ ప్రశ్న పుంగనూరు దాకా నా వెంటే వచ్చింది. పొదుగు వాచినా పాలు అలాగే పలచబడతాయని నేను పుస్తకంలో చదివినవాణ్ణే, ఉద్యోగ పరీక్షలో రాసినవాణ్ణే. ఆ ఆదివారం ముసలామె ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. కొట్టం ముందు నిలబడి, ఆవుకేమైనా జబ్బా అని అడిగాను. "ఏం ల్యా" అంది, నా మొహం చూడకుండా. వెనక్కి తిరగబోయి, సిస్టరమ్మ స్టూలు గుర్తొచ్చి ఆగాను. అక్కడున్న గంప బోర్లించి కూర్చున్నాను. కాసేపటికి ఆమే మొదలుపెట్టింది.

"నాలుగు దినాలుగా పాలు పిండితే తన్నుతాండాది నాయనా. ఈగలు కుడతాండాయేమో అనుకుంటి."

ఒక చన్ను రాయిలా గట్టిపడి ఉంది. పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వచ్చేలోపు, ఆ పొద్దు ఈ మాట కేంద్రంలోనే చెప్పి ఉండొచ్చు కదా అని అడిగాను.

"నువ్వు అరిస్తివి, నేను బెదిరితి. ఏం సెప్పాలో మర్సిపోయినా."

ఆ పాలు తిప్పి పంపడం తప్పు కాదు. దొంగ అనడం తప్పు. నా ఎమ్మెస్సీ మొదటిది నేర్పింది, రెండోది నేర్పలేదు. ముసలామెను క్షమించమని అడిగాను. తర్వాత మా వీధికొచ్చి సిస్టరమ్మ ఇంట్లో, ఆ రోజు తాగని కాఫీ అడిగి తాగాను.

అప్పటినుంచి రాజీనామా మాట ఎత్తలేదు. చదువు మాట మాత్రం పోలేదు, అసలు తర్జనభర్జన అప్పుడే మొదలైంది. ఆదివారం క్లాసులకు కుప్పం పోవాలి, సోమవారం పొద్దున పుంగనూరులో పాల దగ్గర ఉండాలి. రెండేళ్ళు అంతే. మా మామ "పీజీ మింద పీజీనా? ఒగదాని మింద ఒగటి పేర్సి అటక ఎక్కుతావా?" అన్నాడు. అమ్మ నా కళ్ళ కింద నలుపు చూసి నిట్టూర్చేది. నాకే అనుమానం. ఇది నిజంగా కావాలా, లేక మేనేజరు మీద కోపం ఇంకా ఆరలేదా?

దరఖాస్తు ఫారంలో, ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయమని ఖాళీ వదిలారు. నేను వేరే కాగితం అతికించి మరీ నింపాను. సిస్టరమ్మ ఎర్ర పెన్ను తీసింది. 'సమాజాన్ని సమూలంగా మార్చడానికి' అన్నచోట సున్నా చుట్టి, "సమాజం యాడుంటాది? ఇంటి నంబరు సెప్పు" అంది. కాగితం మొత్తం కొట్టేసింది. మళ్ళీ రాయమంది. చివరి తేదీ దగ్గరపడుతున్నా నేను రాయలేకపోయాను.

ఇంతలో ఆమెకు ఆయాసమెక్కువై ఆసుపత్రిలో చేర్చారు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, కొత్తగా చేరిన నర్సు నిలబడి గబగబా ప్రశ్నలు అడుగుతోంది. "కూసో తల్లీ. నువ్వు నిలబడితే నాకు ఆయాసం" అంది సిస్టరమ్మ. ఆ పిల్ల నవ్వి కూర్చుంది. నర్సు వెళ్ళాక సిస్టరమ్మ నావైపు తిరిగింది.

"ఫారం ఏమాయ?"

"రాస్తాండా."

"ఉద్యోగం ఇడిసిపెట్టొద్దు. ఆడ సదివింది ఈడ సరిసూసుకోవాల. పాలకు ల్యాక్టోమీటరు పెడతావే, అట్ల నీ సదువుకు ఆ ముసలామెను పెట్టుకో."

నాతో ఆమె కూర్చుని మాట్లాడిన చివరి మాట అదే. ఆసుపత్రి నుంచి ఆమె ఇంటికొచ్చిన నాలుగో రోజు ఉదయం అమ్మ ఫోన్ చేసింది.

సమాధుల తోటలో ప్రార్థన జరుగుతుంటే ఎవరెవరో వచ్చారు. ఒకాయన కలకడ నుంచి వచ్చానన్నాడు. చిన్నప్పుడు తన మంచం పక్కన ఆమె కూర్చుందని మాత్రమే చెప్పగలిగాడు. నేను ప్రార్థన చేసేవాణ్ణి కాదు. ఆ రోజు తల వంచుకుని నిలబడ్డాను.

మూడో రోజు ఆమె మేనకోడలు నన్ను పిలిచి స్టూలు ఇచ్చింది, దాంతోపాటు ఒక కాగితాల కట్ట. "ఇవి నీవే అంట, పారేయొద్దనింది" అంది. అన్నీ నా కరపత్రాలు. అచ్చుతప్పులన్నీ దిద్ది ఉన్నాయి. 'ప్రజలు మేల్కొనాలి' అన్నచోటల్లా పక్కన ఎర్ర పెన్నుతో ఒకటే మాట: 'ఎవరు?'

ఆ స్టూలు మీద కూర్చునే ఫారం నింపాను. ఎందుకు అన్నచోట ఇలా రాశాను: 'ఒకామె నాకు చెప్పాల్సిన మాట నా అరుపు వల్ల మరిచిపోయింది. అది మళ్ళీ జరగకుండా ఉండటానికి.' సగం ఖాళీ మిగిలింది. అలాగే వదిలేశాను. చివరి తేదీకి ముందు రోజు కుప్పం వెళ్ళి ఇచ్చి వచ్చాను. సీటు వచ్చింది. వచ్చే ఆదివారం మొదటి క్లాసు.

స్టూలు ఇంట్లో పెట్టుకోవాలనిపించలేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని పుంగనూరు తీసుకెళ్ళి, పాలకేంద్రం కౌంటరుకు బయటివైపు, పాలు తెచ్చేవాళ్ళు నిలబడే చోట వేశాను. మొదటి రోజు అందరూ దాని మీద క్యాన్లు పెట్టారు, ఒక్కరూ కూర్చోలేదు. రెండో రోజు ముసలామె వచ్చింది. ఆవుకు నయమైంది. క్యాను స్టూలు మీద పెట్టబోయి, నావైపు చూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొట్టి మనిషి, కాళ్ళు నేలకు అందలేదు. వెనక వరుస ఆగింది. "ఏమవ్వా, పెండ్లి పీటా అది?" అన్నారెవరో. ఆమె కాళ్ళు ఊపుతూ క్యాను మూత తీసింది. నేను ల్యాక్టోమీటరు చేతబట్టుకుని, కౌంటరు దాటి ఆమె పక్కకు వచ్చాను.