ఎవరింటి బూడిద

నన్ను లా చదివించాలని మా నాన్న పట్టుబట్టాడు. ఆయన రైల్వేలో గార్డు. నాలో ఆయన చూసిన అర్హత ఒక్కటే, నాకు చిన్నప్పటినుంచీ అనుమానం జాస్తి. పాలవాడు నవ్వుతూ వస్తే ఆ వేళ పాలల్లో నీళ్ళు ఎక్కువయ్యాయనుకునేదాన్ని. పక్కింటివాళ్ళు తలుపు దగ్గరగా వేసుకుంటే మా గురించే చెప్పుకుంటున్నారనుకునేదాన్ని. ఎనభైల మధ్యలో బిలాస్‌పూర్‌లోనే లా కాలేజీలో చేరాను. మొదటి ఏడు సగం గడిచేసరికి నా గుణానికి పుస్తకాల బలం కూడా తోడైంది. ఆ ఏడు నేను చేసిన ఒక పని సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప పనేం కాదు.

మా క్వార్టర్లు వరసగా ఎనిమిది. అందులో ఎక్కువమంది మాలాగే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు రైల్వే పనికి వచ్చి ఉండిపోయినవాళ్ళు. వరస చివర ఎనిమిదిళ్ళకీ కలిపి ఒకటే కుళాయి. వానలు మొదలైతే ఆ కుళాయి ముందు గుంత పడేది, గుంతలో పిక్కల్లోతు బురద చేరేది. దాన్ని పూడ్చడానికి మాకు తెలిసిన పద్ధతి బూడిద పొయ్యడం. అందరివీ బొగ్గు పొయ్యిలే. పొద్దుటి వంట అయ్యాక ఆడవాళ్ళు పొయ్యి దులిపి, బూడిద మీద ఒక చెంబు నీళ్ళు చిలకరించి, చల్లారిందనుకుని తెచ్చి గుంతలో పోసేవాళ్ళు. డ్యూటీ దిగి వచ్చే మగవాళ్ళ కాళ్ళకి బురద అంటకూడదని. అది పుణ్యం కింద జమ. పొయ్యని ఇల్లాలిని పదిమందీ ఓ కంట కనిపెట్టి ఉండేవారు.

ఒక రోజు పొద్దున్న ఆ గుంతలోనే మా పక్కింటి మావయ్య కాలు కాలిపోయింది.

మావయ్య మాకు చుట్టం కాదు, నాన్న ఊరివాడు. కట్నీ లైన్లో నడిచే ఇంజన్ మీద ఫైర్‌మన్, అంటే ఇంజన్ కొలిమిలోకి పారతో బొగ్గు వేసే మనిషి. ఆ వేళ డ్యూటీ దిగి, బూట్లు ఇంట్లో విప్పేసి, ఉత్త కాళ్ళతో బకెట్ పట్టుకుని కుళాయికి వెళ్ళాడు. పైన నల్లగా తడిసి కనిపిస్తున్న బూడిద మీద అడుగేశాడు. పాదం చీలమండ దాకా దిగిపోయింది. లోపల నిప్పు అలాగే ఉంది. లాక్కునేలోపే అరికాలూ వేళ్ళూ కాలిపోయాయి. ఆయన అరిచిన అరుపుకి నేను చేతిలో పుస్తకం పారేసి పరిగెత్తాను.

ఆసుపత్రిలో నెల పైన ఉన్నాడు. పుండు మానింది గానీ వేళ్ళు బిగుసుకుపోయాయి. ఊగే ఇంజన్ మీద నిలబడి బొగ్గు వెయ్యాలంటే రెండు పాదాలూ గట్టిగా ఆనాలి. రైల్వే డాక్టర్లు పరీక్ష చేసి ఫిట్ అని రాస్తేనే మళ్ళీ ఇంజన్ ఎక్కనిస్తారు, లేకపోతే ఇంజన్ షెడ్డులో ఏదో మూల కూర్చునే పని ఇస్తారు. ఆయనకి డ్రైవరు కావాలని ఆశ. కుర్రతనం నుంచీ మరో మాట లేదు. ఆ పరీక్షకి ఇంకా కొన్ని వారాలున్నాయనగా ఇంటికి పంపించారు. గోడ పట్టుకుని నడక నేర్చుకునేవాడు.

ఇంత జరిగినా ఆ బూడిద మాది అని ఎనిమిదిళ్ళలో ఒక్కరూ అనలేదు. దానికి కారణం ఉంది. వరసలో చాలామంది డిపోలో కొన్న బొగ్గుపొడిలో మట్టీ పేడా కలిపి ఉండలు చేసి ఎండబెట్టుకునేవాళ్ళు. కొందరిళ్ళకి మాత్రం షెడ్డు నుంచి ఇంజన్ బొగ్గు సంచుల్లో చాటుగా వచ్చేది. బూడిద గురించి నోరు విప్పితే బొగ్గు గురించి చెప్పాలి, బొగ్గు గురించి చెబితే విజిలెన్స్ వాళ్ళు గుమ్మంలో ఉంటారు. అందుకని అందరూ మావయ్యని పరామర్శించేవాళ్ళు, గుంత ఊసెత్తగానే వాన మీదికి మాట మళ్ళించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్కొక్కరి ముఖం చూస్తుంటే ఒక్కొక్కరూ దాస్తున్నట్టే ఉండేది.

అప్పుడే మా కాలేజీలో నిర్లక్ష్యం గురించి పాఠం మొదలైంది. మాస్టారు తాపీగా చెప్పేవారు. కావాలని చేసిన చెడు గురించి కాదు ఈ పాఠం, చూసుకోకుండా చేసిన పని గురించి అన్నారు. ఎదుటి మనిషి పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత నీకుందా, ఆ జాగ్రత్త తప్పావా, తప్పడం వల్లే అతనికి నష్టం జరిగిందా అని మూడు ప్రశ్నలు రాయించారు. నీ పని ఎవరికి తగులుతుందో నువ్వు ముందే ఊహించగలిగితే, వాడే నీ పొరుగువాడు, నీ పక్కింట్లో ఉన్నా లేకపోయినా అన్నారు. నిజం చెప్పాలంటే నాకా పాఠం చప్పగా అనిపించింది. చెడ్డబుద్ధి లేని తప్పేం తప్పు? నా బుర్ర చెడ్డబుద్ధినే వెతుకుతోంది. క్లాసు అయ్యాక మాస్టారి దగ్గరికెళ్ళి మా గుంత సంగతి చెప్పాను. ఆయన, ఎవరు పోశారన్నది ఒక్కటే చాలదు, అందులో నిప్పుంటుందని ఎవరికి తెలిసి ఉండాలో అది చూడు అన్నారు. నేను మొదటి సగమే విన్నాను.

నా అనుమానం చివరింటి పిన్ని మీద. ఆవిడ భర్త, మేం బాబాయి అనే ఆయన, షెడ్డు స్టోర్లో పనిచేసేవాడు. ఆయన సైకిలు వెనక సంచి బరువుగా ఊగడం నేను రెండుసార్లు చూశాను. పైగా కుళాయి దగ్గర బిందెల వరస విషయంలో పిన్నికీ మావయ్య భార్యకీ ఎప్పుడో పెద్ద గొడవైంది. కాలు కాలాక ఆ పిన్నే ఆసుపత్రికి రెండుసార్లు పళ్ళు పట్టుకెళ్ళింది. మిగతావాళ్ళు అది మంచితనం అన్నారు. మంచితనం మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం గరిటె తీసుకెళ్ళి గుంత తవ్వాను. ఉండల బూడిద మెత్తగా మట్టిలా ఉంటుంది. అడుగున నాకు దొరికినవి వేరే, గాజులా మెరుస్తూ, నిండా చిల్లులున్న గట్టి గడ్డలు. అవి ఇంజన్ బొగ్గు కాలితేనే వస్తాయని రైల్వే ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. డబ్బాలో వేసుకుని ఇంటికి తెస్తే అమ్మ చూసి, కాలిపోయినాది ఎలాగూ కాలిపోయినాది, ఇప్పుడేల తవ్వుతావు అని కసిరింది. ముఖం అటు తిప్పుకుంది కూడా. అమ్మకి ఏదో తెలుసని నాకు అమ్మ మీద కూడా అనుమానం వచ్చింది. తెలిసి ఉండొచ్చు. తెలిసినందుకే వద్దందేమో, అది నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర అందరూ ఉన్న వేళ చూసుకుని డబ్బా బోర్లించాను. గడ్డలు చప్టా మీద పరిచి, ఉండల బూడిదకీ దీనికీ తేడా చెప్పి, ఈ బొగ్గు మన వరసలో ఎవరింటికి వస్తుందో అందరికీ తెలుసునన్నాను. అంటూ పిన్ని ముఖంలోకే చూశాను. మిగతా ముఖాలు చూడాలన్న ఆలోచనే లేదు. మావయ్య భార్య, నేను అత్త అని పిలిచే మనిషి, నా పక్కనే బకెట్ పట్టుకుని ఉంది. ఆవిడ కోసమే ఇదంతా చేస్తున్నానని నా నమ్మకం.

పిన్ని కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ఇక దాచి లాభం లేదన్నట్టు నెమ్మదిగా చెప్పింది.

"మా ఇంటికొచ్చేది ఆ బొగ్గే పాపా, కాదన్ను. కానీ దాని మీద చెంబుడు నీళ్ళు సాలవు. పైన ఆరిపోయినట్టే ఉంటాది, లోపల సాయంత్రం దాకా బతికే ఉంటాది. మీ బాబాయి ముందే సెప్పినారు. అందుకే నేను గుంతలో ఎయ్యను, రైలు కట్ట అవతల పారబోసొస్తాను. కావాలంటే ఎళ్ళి సూడు."

నేను అబద్ధం అనబోయాను. ఈలోగా అత్త కిందికి వంగి చప్టా మీది గడ్డ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకెవలూ సెప్పనేదు," అంది.

అంతే. కుళాయి కింద బిందె నిండి పొర్లుతున్నా కట్టేసే చెయ్యి లేదు. అత్త గడ్డని మళ్ళీ చప్టా మీద పెట్టి, ఖాళీ బకెట్‌తోనే ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఏం చెప్పాలో తెలీదు. ఆయన స్టూలు మీద కాలు చాపుకుని, వేళ్ళు కదపడానికి ప్రయత్నిస్తున్నాడు. లోపలి గది తలుపు వేసి ఉంది. అత్త పొద్దుటినుంచీ బయటికి రాలేదట. నేను క్షమించమన్నాను. నాకు తెలియదు మావయ్యా అన్నాను.

"నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు ఆయన. "రోజూ కొలిమిలో అవి సూసేవోణ్ణి, కాలికి తగిలితే తెల్దేటి? వానలకి ఉండలు ఆరట్లేదని మీ అత్త గోల పెడితే ఒక్క సంచి, ఒకేఒక్క సంచి తెచ్చినాను. ఆ బొగ్గు గుణం తెలిసినోణ్ణి నేను. దానికి తెల్దు. సెప్పాల్సింది నేను."

మాస్టారి మాటలో రెండో సగం అప్పుడు గుర్తొచ్చింది. నిప్పుంటుందని ఎవరికి తెలిసి ఉండాలి? నా ముందు కూర్చున్న ఈ మనిషికే. పుస్తకం ప్రకారం చూస్తే బాధ్యత ఆయనది, నష్టమూ ఆయనదే, అత్త తప్పు ఎక్కడా లేదు. ఆ మాటే అత్తకి చెబుతానని లేచాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆ రోజు గుంతలో నాలుగిళ్ళోళ్ళు బూడిద పోసినారు, మిగతా మూడూ ఉండల బూడిదే. ఎవలిదో అనుకుని మీ అత్త ఇన్నాళ్ళూ అన్నం తిన్నాది. నువ్వు తేల్చీసినావు. ఇంక ఎన్ని సెప్పినా దానికి ఎక్కదు, ఛోడో, వదిలెయ్."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. ఇంటికి వస్తూ సిగ్గుతో చచ్చిపోయాను. నా పక్కన నిలబడ్డ మనిషికి నా మాట తగులుతుందేమోనని ఒక్కసారి ఆలోచించి ఉంటే చాలు, అదేమంత పెద్ద జాగ్రత్త కాదు. మాస్టారు రాయించిన మూడు ప్రశ్నలూ నా నోటుపుస్తకంలోనే ఉన్నాయి. మూడింటికీ జవాబు నేనే.

ఆ తర్వాత అత్త కుళాయికి వచ్చే వేళ మార్చేసుకుంది. మా ఇంటి వైపు రావడం మానేసింది. పిన్నికి నేను క్షమాపణ చెబితే ఆవిడ విని, పనుందని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆవిడ పళ్ళు పంచినా, పలకరించినా అనుమానించే హక్కు నాకు లేకుండా పోయింది.

డాక్టర్ల పరీక్ష అయిన వారానికి కాగితం వచ్చింది. మావయ్య షెడ్డుకి వెళ్ళిన సమయం చూసి అత్త మా గుమ్మంలోకి వచ్చింది. అన్ని రోజుల తర్వాత అదే రావడం. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆయన నోటితో అచ్ఛా, పరవాలేదు అంటున్నాడు గానీ ఏం రాశారో సరిగ్గా చెప్పట్లేదని, చదివి పెట్టమని అడిగింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

చదివాను. ఎడమ పాదం వేళ్ళు వంగవు, ఇంజన్ డ్యూటీకి పనికిరాడు, కూర్చుని చేసే పని ఇవ్వాలి అని ఉంది. అదే తెలుగులో చెప్పాను. అత్త తల ఊపింది. ఆ సంగతి ఆవిడకి ముందే అర్థమైనట్టుంది. ఏల కాలిందని రాసినారు అని అడిగింది.

కింద ఒక వరస ఉంది. ఆసుపత్రిలో చేర్చిన రోజున ఆయన చెప్పి రాయించింది అది. ఎవరు వేసిన బూడిదో తెలియదని బాధితుడు చెప్పాడు, అని.

అత్త గుమ్మం పట్టుకుని నిలబడింది. నా ముఖం చూడలేదు, నా చేతిలో కాగితం చూసింది.

"ఆ ముక్క మళ్ళీ సదువు, పాపా," అంది.

మళ్ళీ చదివాను. ఇంకోసారి అంది. మూడోసారి కూడా ఉన్నది ఉన్నట్టే చదివాను.