బోర్డు వెనుక చప్పుడు

పోయిన ఆదివారం నిజామాబాదులోని మా ఇంట్లో, పాడైన టేబుల్ ఫ్యాన్‌ను విప్పి ముందేసుకుని కూర్చున్నాను. పక్కన హోంవర్కు రాసుకుంటున్న మనవరాలు తలెత్తి, "ఏంది తాతా ఆ సప్పుడు?" అన్నది. స్క్రూడ్రైవరు కింద పెట్టి చెవులు రిక్కించాను. ఏ చప్పుడూ లేదు. అదే ప్రశ్న పంతొమ్మిది వందల అరవైల్లో బోధన్‌లో ఒక పెద్దమనిషి అడగగా విన్నాను.

హైదరాబాదులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఆ పని దొరక్క, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి కొంత దూరంలో ఉన్న బడిలో లెక్కల పంతులుగా చేరాను. నౌకరి ఖాయమైతే వేల్పూరులో పసుపు చేలల్లో కూలికి పోయే, నన్ను కన్న మా అవ్వను తెచ్చుకుని దగ్గర పెట్టుకోవాలని నా ఆశ. ఆ ఆశకు అడ్డం పడింది ఎనిమిదో తరగతి. నేను బోర్డు వైపు తిరిగి లెక్క మొదలుపెట్టగానే వెనుక నుంచి తుమ్మెద తిరిగినట్టు సన్నగా గుంయ్‌మని మొదలై, పోను పోను తరగతంతా నిండేది. తిరిగి చూస్తే అందరూ నోళ్లు మూసుకుని బుద్ధిమంతుల్లా ఉండేవారు.

వరండాలో పోతూ విన్న హెడ్మాస్టరు నన్ను పిలిచి, "బెత్తం లేకుంటె ఈ పోరగాండ్లు ఇనరయ్యా. ఇన్‌స్పెక్టర్ వచ్చేటాల్లకు సరిజెయ్యి, లేకుంటె నీ నౌకరి ఖాయమయ్యేది కష్టం" అన్నాడు. ఎవరిని కొట్టాలో తెలియకుండా బెత్తం ఎందుకని నాకు అనుమానం. తీగలో లోపం ఎక్కడుందో పట్టుకోవడం నేర్చినవాణ్ణి కదా, అదే పద్ధతిన బయలుదేరాను. మొదట వెనుక బెంచీలవాళ్లను ముందుకు తెచ్చాను. తర్వాత అల్లరివాళ్లను విడదీసి నెమ్మదస్తుల మధ్య కూర్చోబెట్టాను. ఆపైన సగం తరగతిని ఆటస్థలానికి పంపి, మిగతా సగానికి ఎదురుగా నిలబడి గమనించాను. చప్పుడు లేదు. రెండో సగంతోనూ అంతే. అందరినీ కలిపి బోర్డు వైపు తిరిగితే మళ్లీ గుంయ్! ఏ భాగంలోనూ లోపం లేదు, కలిపితే మాత్రం లోపం. ఇదేం సర్క్యూటో నాకు అంతుపట్టలేదు. చివరికి గడ్డం గీసుకునే అద్దం తెచ్చి బోర్డు పక్కన మేకుకు తగిలించాను. అందులో కనబడినవి మూసిన పెదవులు, బిగబట్టిన నవ్వులు, నా మీదే నిలిచిన కళ్లు. అద్దంతో గందరగోళం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇన్‌స్పెక్టరు ఎండాకాలంలో వచ్చాడు. చెరుకు నరకడం ఎప్పుడో ముగిసింది, గానుగ ఆగింది, కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ గొట్టంలో పొగ కూడా లేదు. ఆయన హెడ్మాస్టరుతో పాటు వెనుక కుర్చీలో కూర్చుని, లెక్క చెప్పమన్నాడు. బోర్డు మీద రాయడం మొదలుపెట్టాను. తరగతి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దానికి భయమేసి లెక్క మధ్యలో ఆగిపోయాను. కాస్త తమాయించుకుని, పద్ధతి గుర్తొచ్చి, చెయ్యి తిరిగి ఆడిందో లేదో, గుంయ్‌మని మొదలైంది. నా నౌకరీ, అవ్వ రాకా ఆ చప్పుడులో కొట్టుకుపోయాయనుకున్నాను.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తరగతంతా ఒక్క గొంతుతో, "షుగర్ ఫ్యాక్టరీ సార్!" అన్నది.

హెడ్మాస్టరు కిటికీ వైపు ఒకసారి చూసి, నా వైపు ఒకసారి చూసి, "ఔ సార్, గాలి గిటు కొడితె గట్లనే ఇనొస్తది" అన్నాడు. పొరుగు జిల్లా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు తలూపాడు. నౌకరి ఖాయమైంది. అవ్వ వచ్చింది. కానీ నన్ను ఏడిపించిన పిల్లలే ఎందుకు కాపాడారో, బెత్తం పట్టమన్న హెడ్మాస్టరు వాళ్లతో ఎందుకు కలిశాడో నాకు బోధపడలేదు. అడుగుదామంటే ఆయన ముసిముసిగా నవ్వుతూ పక్కకు తప్పుకునేవాడు.

చాలా ఏళ్ల తర్వాత నిజామాబాదు పసుపు మార్కెట్లో ఆ తరగతి విద్యార్థి ఒకడు కనబడితే, ఇప్పుడైనా చెప్పరా, ఆ చప్పుడు చేసిందెవరని అడిగాను. వాడు పసుపు అంటిన చేతులు దులుపుకుంటూ పగలబడి నవ్వాడు.

"మీరే సార్! లెక్కల వడితె మీకు సోయి ఉండకపోతుండె. ముక్కుతోని గుంయ్‌మని షురూ జేస్తుంటిరి, మేం అందుకుంటుంటిమి. గా ఇన్‌స్పెక్టర్ వచ్చిన దినం మేమెవ్వలం అనలేదు సార్, మీ ఒక్కలదే ఇనొచ్చింది. మిమ్ముల ఎట్ల పట్టిస్తం?"

వాడు నిజం చెప్పాడో, మళ్లీ ఆట పట్టించాడో నాకు ఇప్పటికీ తేలలేదు. లోపాన్ని వెతికేవాడు తనను తాను విప్పి చూసుకోవాలని నా చదువులో ఎవరూ చెప్పలేదు.

విప్పిన ఫ్యాన్‌కు కరెంటు లేదు. మనవరాలు పెన్సిలు పట్టుకుని జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూనే ఉంది. ఫ్యాక్టరీ సప్పుడని చెబుదామంటే, బోధన్ ఫ్యాక్టరీ మూతబడి చాలా కాలమైంది. ఔ సార్ అని వంత పాడడానికి పక్కన హెడ్మాస్టరూ లేడు.