ఎర్రాకుల చెట్టుకు చీకటి

మా వదిన హైదరాబాద్ ఆసుపత్రికి బయలుదేరిన రోజు, ఆటో ఎక్కే ముందు తన పూలకుండీ దగ్గర ఆగింది. "ఈ ఆకులు ఎర్రగయ్యేసరికి నేనస్త, సూస్తుండు" అంది నాతో. ఆమె నా భర్తకు అక్క. పెళ్లి వద్దనుకుని, మరాఠీ బడిలో పాఠాలు చెబుతూ మా ఇంట్లోనే ఉండిపోయింది. కడుపులో గడ్డ తీయాలన్నారు, ఆ తర్వాత మందులు ఎక్కించాలన్నారు. తోడుగా మా ఆయన వెళ్లాడు. నాందేడ్‌లో నేనూ, అత్తమ్మా, ఆ చెట్టూ మిగిలాం.

దాని పేరు పాయిన్‌సెట్టియా అని నర్సరీలో చెప్పారట. మా వీధిలో అందరికీ ఎర్రాకుల చెట్టే. పూలనుకుని అందరూ మురిసిపోయేవి నిజానికి ఆకులు. అసలు పువ్వు నడుమ పసుపుపచ్చగా ఆవగింజల గుత్తిలా ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కొమ్మ తుంచితే పాలు కారతాయి, చేతికి అంటితే దురద. వానాకాలంలో వదిన కొనలు కత్తిరించి గుబురు చేసింది. చలి మొదలయ్యాక పైఆకులు ఎర్రబడాలి.

ఊరుకుని ఉండటం నా వల్ల కాదు. విత్తనం వేసి తెల్లారకముందే తవ్వి చూసే రకాన్ని. ఫోను రాకపోతే చెట్టు దగ్గరికి, వస్తే మాట్లాడి మళ్లీ చెట్టు దగ్గరికి. "కాలు కాలిన పిల్లి లెక్క ఏం తిరుగుడే అది, కూసో" అనేది అత్తమ్మ. ఆమె మాత్రం కూర్చుందా? దేవుడి గదికీ గేటుకీ నడుమ కాళ్లరిగేలా తిరిగేది.

దీపావళి వెళ్లింది. స్వెట్టర్లు బయటికొచ్చాయి. వీధి చివరి ఇంటి గోడ మీదుగా ఇదే చెట్టు ఎర్రగా విరగబూసింది. మాది పచ్చగా నిగనిగలాడుతోంది. అంత ఏపుగా ఉన్న చెట్టు మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఎరువు వేశాను, నీళ్లు తగ్గించాను. చివరికి ఒక ఆకు కోసుకుని నర్సరీకే వెళ్లాను. అక్కడి అతను ఆకు వైపు చూడనే లేదు. "రాత్ కూ లైట్ పడతా క్యా ఇస్‌పే?" అన్నాడు. రాత్రంతా పడుతుందన్నాను. "ఇస్కు అంధేరా హోనా అమ్మా, పూరా అంధేరా." పొద్దు గుంకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కాస్త వెలుగు తగిలినా ఈ చెట్టు ఎర్రబడదట.

ఆ లైటు మా వరండాదే. ధర్మాబాద్‌లో అత్తమ్మ పుట్టింటి ఆచారం అది. ఇంటి మనిషి ప్రయాణం పోతే తిరిగొచ్చేదాకా రాత్రుళ్లు గడప ముందు దీపం ఆరకూడదు. కందిలి పోయి బల్బు వచ్చింది, ఆచారం అలాగే ఉంది. ఆ బల్బు కిందే ఉంది కుండీ. జరుపుదామంటే సిమెంటుది, మేమిద్దరం పట్టినా కదలలేదు.

బల్బు ఆర్పుదామన్నాను. "గా మాట మల్లోపారి అనకు" అంది అత్తమ్మ.

అందుకని మా బట్టల దుకాణం నుంచి చీరలొచ్చే అట్టపెట్టె తెప్పించి, రోజూ సందెవేళ చెట్టు మీద బోర్లించాను. ఎన్నాళ్లు కప్పినా ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఒక సాయంత్రం కప్పి లోపలికొచ్చి, మనసాగక మళ్లీ బయటికి వెళ్లాను. అత్తమ్మ పెట్టె తీసి గోడకు ఆనిస్తోంది.

"దినాం తీసేది మీరేనా?"

"పచ్చటి చెట్టు మీద గట్ల బోర్లిస్తరా? పానమున్న మనిషికి ముసుగేసినట్టున్నది నాకు. పొద్దుగాల నువ్వు లేవకముందు మల్ల పెడుతున్న."

నాకు ఒళ్లు మండింది. "ఆకులు ఎర్రగైతే అస్తనన్నది వదిన. మీరేమో ఎర్రగ కానిస్తలేరు" అనేశాను. అన్నాక నాకే భయం వేసింది. అత్తమ్మ బల్బు వైపు చూసింది. "లైటు తీస్తే నా బిడ్డ ఇంటికెట్లస్తదే?" అంది.

అంతలో వదిన ఫోను. స్పీకరు పెట్టి, చిన్నపిల్లలా చాడీలన్నీ చెప్పాను. వదిన నవ్వింది, నవ్వు దగ్గులోకి తిరిగింది. తేరుకుని మెల్లగా అంది: "అమ్మా, ఈడ వార్డుల రాత్రంత లైట్లే. కండ్లు మూసినా ఎలుగే. చీకట్ల పండుకొని ఎన్ని దినాలైందో. నా పేరు మీద ఆడనన్న జర చీకటి చెయ్యుండ్రి."

ఫోను పెట్టేశాక అత్తమ్మ తనే లేచి వెళ్లి స్విచ్చు ఆపింది. వచ్చి మెట్టు మీద, కుండీ పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"పండుకుంటదంటవా?" అంది.

"పండుకుంటది" అన్నాను. నాకు తెలియదు.

ఆ రాత్రి నుంచి ఆ బల్బు వెలగలేదు. నెల దాటింది, డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చలేదు. ఈ పొద్దున పైఆకు మొదట్లో కాస్త ఎరుపు కనిపించింది. నమ్మలేక తడి వేలితో రుద్ది చూశాను, పోలేదు. అత్తమ్మను పిలిచి చూపించాను. ఆమె లోపలికి వెళ్లి, వదిన మంచం మీది దుప్పటి తీసి, ఉతికి ఎండలో ఆరేసింది.